షీట్‌లో పేర్లు గజిబిజిగా ఉన్నాయా? ఒక్క ఫార్ములా చాలు.. కానీ ఇనీషియల్స్ జాగ్రత్త!

కాలేజీ ఫెస్ట్‌కి గూగుల్ ఫామ్ పెట్టారు. 300 మంది పేర్లు ఇచ్చారు. తీరా షీట్ తెరిచి చూస్తే తల తిరుగుతుంది. ఒకరు పేరంతా పెద్ద అక్షరాల్లో కొట్టారు. ఇంకొకరు అన్నీ చిన్నవే వాడారు. మరొకరికి క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉండిపోయి మొదటి అక్షరం చిన్నది, మిగతావన్నీ పెద్దవి పడ్డాయి. రేపు పొద్దున్నకల్లా ఈ పేర్లే సర్టిఫికెట్ల మీదకి ఎక్కాలి. ఒక్కొక్కటీ దిద్దుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

అంత కష్టపడక్కర్లేదు. మూడు చిన్న ఫార్ములాలు తెలిస్తే చాలా వరకు పని అయిపోతుంది. అయితే మన తెలుగు పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆ ఫార్ములాలు ఒకచోట పక్కాగా బోల్తా కొడతాయి. అదేంటో తెలియకుండా ప్రింట్ ఇచ్చేస్తే, సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు దాన్ని స్టేటస్‌లో పెట్టుకోవడానికి కూడా ఇష్టపడరు.

తెలుగుకి లేని తలనొప్పి

అసలు ఈ గొడవ మన లిపిలో లేనే లేదు. తెలుగులో ‘ర’ ఎక్కడ రాసినా ‘ర’నే. వాక్యం మొదట్లో వచ్చినా, పేరులో వచ్చినా సైజు మారదు. ఇంగ్లీషుకే ఈ రెండు రూపాలు. మన పాతతరం వాళ్లు బళ్లో ఏబీసీడీలు ‘నాలుగు బడులు’గా నేర్చుకునేవాళ్లు. అచ్చులో పెద్దవి, చిన్నవి, కలిపిరాతలో పెద్దవి, చిన్నవి.. మొత్తం నాలుగన్నమాట.

‘అప్పర్ కేస్’, ‘లోయర్ కేస్’ అనే మాటలు పుట్టింది ప్రెస్సుల్లో. ఒకప్పుడు సీసపు అక్షరాల్ని గళ్లు గళ్లుగా ఉన్న చెక్క అరల్లో పెట్టుకుని, ఒక్కొక్కటీ ఏరి పేర్చేవాళ్లు. పెద్ద అక్షరాలు పై అరలో, చిన్నవి కింది అరలో ఉండేవి. ఆ అరనే ‘కేస్’ అనేవాళ్లు. అరలు పోయాయి, పేరు మాత్రం మిగిలింది.

మూడు ఫార్ములాలు ఇవే

ఎక్సెల్ అయినా, గూగుల్ షీట్స్ అయినా ఈ మూడూ ఒకేలా పనిచేస్తాయి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాశాం. షీట్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

=అప్పర్(ఏ2) అంటే ఏ2 గడిలో ఉన్నదంతా పెద్ద అక్షరాల్లోకి మారుతుంది.

=లోయర్(ఏ2) అంటే అంతా చిన్న అక్షరాల్లోకి.

=ప్రాపర్(ఏ2) అంటే ప్రతి పదంలో మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి. పేర్లకి కావల్సింది ఇదే.

పక్కన ఖాళీ కాలమ్‌లో ఫార్ములా కొట్టి, ఆ గడిని కాపీ చేసి, కింద గళ్లన్నీ సెలెక్ట్ చేసి పేస్ట్ చేయండి. 300 పేర్లూ క్షణంలో మారిపోతాయి. ఫోన్‌లో షీట్స్ యాప్ ఉన్నా ఇదే పద్ధతి.

పేరు ముందో వెనకో అనవసరంగా స్పేస్ ఉంటే? పదాల మధ్య రెండు మూడు స్పేస్‌లు పడి ఉంటే? దానికి ‘ట్రిమ్’ ఉంది. రెండూ కలిపి =ప్రాపర్(ట్రిమ్(ఏ2)) అని కొడితే ఒకే దెబ్బకి రెండు పనులూ అవుతాయి.

పాత కాలమ్ అప్పుడే తీసేయొద్దు!

పేర్లు బాగా వచ్చాయి కదా అని పాత కాలమ్‌ని డిలీట్ చేశారో, కొత్త కాలమ్ నిండా ఎర్రర్లు పడతాయి. ఎందుకంటే కొత్త గడిలో ఉన్నది పేరు కాదు, పాత గడిని చూసి లెక్క కట్టే ఫార్ములా. ఆ గడే లేకపోతే అది ఎక్కడ చూస్తుంది?

అందుకే ముందు కొత్త కాలమ్ మొత్తం కాపీ చేయండి. పేస్ట్ స్పెషల్‌లోకి వెళ్లి ‘వాల్యూస్’ మాత్రమే పేస్ట్ చేయండి. అప్పుడు ఫార్ములా పోయి పేరు మిగులుతుంది. ఒరిజినల్ షీట్‌ని మాత్రం ఇంకో ట్యాబ్‌లో దాచి ఉంచండి. ఎవరైనా వచ్చి ‘నేను ఇలా రాయలేదే’ అంటే చూపించడానికి పనికొస్తుంది.

‘కేవీఎస్ఎన్ మూర్తి’తోనే చిక్కు

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ‘ప్రాపర్’కి తెలుగూ తెలీదు, ఇంగ్లీషూ తెలీదు. దానికి తెలిసింది ఒకటే రూలు. అక్షరం కానిది ఏదైనా.. స్పేస్, చుక్క, అంకె, కొటేషన్ గుర్తు.. దాని తర్వాత వచ్చే అక్షరాన్ని పెద్దది చేస్తుంది. మిగతావన్నీ చిన్నవి చేసేస్తుంది.

మన దగ్గర ఇంటిపేరు, తాతగారి పేరు కలిపి ఇనీషియల్స్‌గా పెట్టుకోవడం మామూలే. కొందరు మధ్యలో చుక్కలు పెడతారు, చాలామంది పెట్టరు. చుక్కలుంటే ‘ప్రాపర్’ ఏ ఇబ్బందీ పెట్టదు. చుక్కల్లేకుండా కేవీఎస్ఎన్ అని ఒకేసారి కొడితే మాత్రం దాన్నొక పదం అనుకుంటుంది. కే పెద్దదిగా ఉంచి, వీ, ఎస్, ఎన్ మూడింటినీ చిన్నవి చేసేస్తుంది. నాలుగు ఇనీషియల్స్ కలిసి నోరు తిరగని వింత పదమైపోతాయి.

కోర్సుల పేర్లకీ ఇదే గతి. సీఎస్ఈలో సీ మాత్రమే పెద్దదిగా మిగులుతుంది. జేఎన్‌టీయూ, ఎస్‌బీఐ, ఎంసీఏ.. ఏదీ తప్పించుకోలేదు. ఇక ‘సెకండ్ ఇయర్’ని 2 అంకె వేసి రాశారనుకోండి, అంకె పక్కనున్న ఎన్ పెద్దదైపోయి కూర్చుంటుంది. అందుకే బ్రాంచ్ కాలమ్‌కి ‘ప్రాపర్’ వద్దు, ‘అప్పర్’ వాడండి.

మరి ఇనీషియల్స్‌ని ఫార్ములాతోనే పట్టుకోలేమా? పూర్తిగా అయితే కుదరదు. యూ, ఎం, ఏ అని మూడు అక్షరాలున్నాయి. అది ఉమ అనే అమ్మాయి పేరా, మూడు ఇనీషియల్సా? మనిషికే ఒక్కోసారి అనుమానమొస్తుంది, కంప్యూటర్‌కెలా తెలుస్తుంది? అందుకే చివరి మాట మన కళ్లదే. కాకపోతే 300 పేర్లూ చూడక్కర్లేకుండా జల్లెడ పట్టొచ్చు.

ఇంకో ఖాళీ కాలమ్‌లో =ఫైండ్(" ",ఏ2&" ")-1 అని కొట్టండి. పేరులో మొదటి పదానికి ఎన్ని అక్షరాలున్నాయో అంకె వస్తుంది. ముందే ట్రిమ్ చేసిన కాలమ్ మీద ఇది వాడాలి. ఇప్పుడు ఫిల్టర్ పెట్టి 4, అంతకన్నా తక్కువ ఉన్నవాటినే చూడండి. సాయి, రవి, ఉమ లాంటి పేర్లూ వస్తాయి, ఇనీషియల్సూ వస్తాయి. ఇనీషియల్స్‌ని చేత్తో సరిచేస్తే సరి. కొందరు ఇనీషియల్స్ పేరు చివర పెడతారు కాబట్టి చివరి పదాల మీద కూడా ఓ చూపు వేయండి.

ఫోన్‌లో ఒకటీ రెండూ దిద్దాలంటే మళ్లీ టైప్ చేయక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ వాడేవాళ్లు ఆ పదాన్ని సెలెక్ట్ చేసి షిఫ్ట్ నొక్కితే అక్షరాలు చిన్నవి, పెద్దవి అవుతూ మారతాయి. కావల్సిన చోట ఆగితే చాలు.

ఏ కాలమ్‌కి ఏది?

పేర్లకి ‘ప్రాపర్’. ఈమెయిల్స్‌కి ‘లోయర్’. పాన్, ఐఎఫ్ఎస్‌సీ, బండి నంబర్లకి ‘అప్పర్’. ఇంతే గుర్తుపెట్టుకోండి.

స్కాలర్‌షిప్ లిస్టో, ప్రైజ్ మనీ లిస్టో తయారుచేస్తుంటే ఇంకో చిన్న జాగ్రత్త కూడా అవసరం. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌కి 11 క్యారెక్టర్లు ఉంటాయి. మొదటి నాలుగూ బ్యాంక్‌ని చెప్పే అక్షరాలు. అయిదోది ఎప్పుడూ సున్నానే. చాలామంది అక్కడ సున్నాకి బదులు ఓ అక్షరం కొట్టేస్తారు. ‘అప్పర్’ దాన్ని సరిచేయదు సరికదా, పెద్ద ఓ చేసి సున్నాలాగే కనిపించేట్టు చేస్తుంది. పాన్‌కి 10 ఉంటాయి. ముందు అయిదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. =లెన్(ఏ2) అని కొడితే ఎన్ని ఉన్నాయో వచ్చేస్తుంది. లెక్క తేడా వచ్చినవాటిని అప్పుడే పట్టుకోవచ్చు. డబ్బు ఆగిపోయాక వెతుక్కోవడం కన్నా అది నయం కదా.

లింకుల కాలమ్‌ని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. యూట్యూబ్ వీడియో లింకులో, డ్రైవ్ లింకులో ఉండే గజిబిజి అక్షరాల్లో చిన్న ఏ వేరు, పెద్ద ఏ వేరు. అందంగా ఉంటుందని అన్నీ చిన్నవి చేశారంటే ఒక్క లింకూ తెరుచుకోదు.

సైన్స్‌లో అయితే ఈ తేడాకి అర్థం కూడా ఉంది. బీఆర్‌సీఏ1 అనే జన్యువు పేరులో అక్షరాలన్నీ పెద్దవైతే అది మనిషిది. మొదటిది మాత్రమే పెద్దదైతే ఎలుకది. బయాలజీ ప్రాజెక్టు షీట్ మీద ‘ప్రాపర్’ కొడితే మనుషుల జన్యువులన్నీ ఎలుకల ఖాతాలో పడిపోతాయి!

షార్ట్‌కట్లు కూడా ఉన్నాయ్

వర్డ్‌లో షిఫ్ట్, ఎఫ్3 నొక్కితే అక్షరాల సైజు మారుతుంది. ఎక్సెల్‌లో అవే నొక్కితే ఫార్ములాల పెట్టె తెరుచుకుంటుంది, అంతే. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో మాత్రం ఫార్మాట్ మెనూలోనే దీనికి ఆప్షన్లున్నాయి. ఫార్ములా అక్కర్లేదు.

ఎక్సెల్ 2013 నుంచి ‘ఫ్లాష్ ఫిల్’ అని ఒకటుంది. పక్క కాలమ్‌లో మొదటి పేరుని మీకు కావల్సినట్టు టైప్ చేసి, కింది గడిలోకి వెళ్లి కంట్రోల్, ఈ నొక్కండి. మీ పద్ధతి చూసి మిగతావి అదే నింపేస్తుంది. అది ఊహించి చేసే పని కాబట్టి ఓసారి సరిచూసుకోవాలి.

గూగుల్ ఫామ్‌కి జవాబులు ఇంకా వస్తూనే ఉంటే? కొత్త ట్యాబ్ తెరిచి ‘అర్రే ఫార్ములా’ లోపల ‘ప్రాపర్’ని పెట్టి, జవాబుల ట్యాబ్‌లోని పేర్ల కాలమ్ మొత్తాన్ని చూపించండి. కొత్తగా ఎవరు చేరినా వాళ్ల పేరు దానంతటదే సరైపోయి వస్తుంది.

‘ఇంత ఎందుకు, ఏఐకి ఇచ్చేస్తే పోలా?’ అంటారా? ఫార్ములా ఎలా రాయాలో అడగండి, తప్పులేదు. 300 మంది పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీట్‌ని మాత్రం వాళ్లని అడక్కుండా ఎక్కడా పేస్ట్ చేయొద్దు. పైగా అక్షరాల సైజు మార్చమంటే స్పెల్లింగ్ కూడా ‘సరిచేసే’ ప్రమాదం ఉంది. లక్ష్మి అనే పేరునే ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసుకుంటారు. ఎవరి స్పెల్లింగ్ వాళ్లది. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా అది వాళ్ల పదో తరగతి మెమోలో ఉన్న పేరు కాకుండా పోతుంది.

వచ్చేసారి ఫామ్ తయారుచేసేటప్పుడే ఇనీషియల్స్‌కి ఒక గడి, పేరుకి ఒక గడి విడివిడిగా పెట్టండి. మొదటిదానికి ‘అప్పర్’, రెండోదానికి ‘ప్రాపర్’. కింద ‘సర్టిఫికెట్ మీద ఇలాగే వస్తుంది, చూసి కొట్టండి’ అని ఒక్క లైను రాయండి. సగం తప్పులు షీట్ దాకా రాకుండా అక్కడే ఆగిపోతాయి.