నరం మీది తెల్ల తొడుగు

కాలి బొటనవేలు గడపకు కొట్టుకున్నప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. ముందు తగిలిన సంగతి తెలుస్తుంది. వెంటనే చురుక్కుమంటుంది. 'అబ్బా' అని కాలు పట్టుకుని కూలబడ్డాక, ఓ సెకను ఆలస్యంగా, అసలు సలుపు మొదలవుతుంది. దెబ్బ ఒక్కటే, కబురు మాత్రం మూడు దఫాలుగా వస్తుంది. తగిలిందన్న కబురు మోసే నరాల పోగులకు మందమైన మైలిన్ తొడుగు ఉంటుంది. చురుకును మోసేవాటికి ఉండేది పల్చటి తొడుగు. సలుపును మోసేవాటికి తొడుగే లేదు, వాటి వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. తొడుగున్న పోగుల్లో అన్నిటికన్నా చురుకైనవి సెకనుకు 120 మీటర్ల దాకా, అంటే గంటకు 430 కిలోమీటర్ల వేగంతో కబురు చేరవేస్తాయి.

మైలిన్ అని పేరు పెట్టింది జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, 1854లో. గ్రీకులో మూలుగ అనే అర్థం వచ్చే మాట నుంచి తీసుకున్నాడు. దాన్ని చూడాలంటే ప్రయోగశాలకు వెళ్లక్కర్లేదు. మేక భేజా కోస్తే పైపొర బూడిదరంగులో ఉండి లోపల తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు మైలిన్‌దే. తడి తీసేస్తే అందులో 70 నుంచి 80 శాతం కొవ్వే.

కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగుతో దీన్ని పోలుస్తారు. పోలిక సగమే నిజం. మైలిన్ పోగు పొడవునా ఏకంగా ఉండదు, మధ్యమధ్య సన్నటి సందులుంటాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త రాన్వియే 1870లలో వీటిని వర్ణించాడు. కబురు ఒక సందు నుంచి ఇంకో సందుకు, వాగులో రాయి మీంచి రాయి మీదికి అడుగేసినట్టు, గెంతుకుంటూ పోతుందని తేల్చినవాళ్లలో ముందుండేది జపాన్‌కు చెందిన ఇచిజి తసాకి.

తొడుగు లేకుండా వేగం కావాలంటే ఏం చేయాలి? స్క్విడ్ అనే సముద్రజీవి పోగునే లావు చేసుకుంది. అర మిల్లీమీటరు మందమున్న స్క్విడ్ పోగు సెకనుకు 25 మీటర్ల వేగంతో కబురు పంపుతుంది. మైలిన్ ఉన్న కప్ప పోగు 12 మైక్రోమీటర్ల మందంతోనే అంతే వేగం సాధిస్తుంది. మన వెన్నుపాము చిటికెనవేలి లావులో ఇమిడిందంటే ఆ పొదుపు వల్లే.

ఈ తొడుగు అల్లేదెవరు?

ఈ ప్రశ్న దగ్గర నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి పీయో దెల్ రియో ఒర్తేగా. 1882లో స్పెయిన్‌లోని పోర్తియో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. మాడ్రిడ్‌లో నాడీశాస్త్ర దిగ్గజం, నోబెల్ గ్రహీత రామోన్ ఇ కహాల్ దగ్గర చేరాడు. మెదడులో నాడీకణాలు, నక్షత్రాల్లాంటి కణాలు కాక, కొమ్మల్లేని బోసి కణాలు మరికొన్ని ఉన్నాయని కహాల్ చెప్పేవాడు. వాటిని 'మూడో మూలకం' అనేవాడు.

ఒర్తేగాకు అవి బోసిగా ఉన్నాయన్న నమ్మకం కుదరలేదు. రంగు సరిగ్గా పట్టకపోవడం వల్లే కొమ్మలు కనబడడం లేదేమో అనుకున్నాడు. వెండి కార్బొనేటుతో కొత్త అద్దకం పద్ధతి కనిపెట్టి 1918లో ప్రచురించాడు. ఆ రంగులో కొమ్మలు బయటపడ్డాయి! పైగా అవి ఒక రకం కాదు, రెండు. ఒకటి మెదడులో చెత్త ఎత్తే మైక్రోగ్లియా. రెండోది నరాల పోగుల వెంట వరుసకట్టి కూర్చునే కణం. దానికి 1921లో ఆలిగోడెండ్రోగ్లియా అని పేరు పెట్టాడు, కొద్ది కొమ్మలున్నదని అర్థం. మెదడులో మైలిన్ అల్లేది ఇదేనని కూడా వాదించాడు. ఒక్క కణమే చేతులు చాచి యాభై పోగుల దాకా తొడుగు చుట్టగలదని ఇప్పుడు మనకు తెలుసు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆ చుట్టలు కళ్లారా కనబడి ఒర్తేగా మాట నిలబడింది 1960లలో. అప్పటికి ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది.

గురుశిష్యుల మధ్య పొరపొచ్చాలొచ్చి 1920లో ఆయన కహాల్ ప్రయోగశాల వదలాల్సి వచ్చింది. తర్వాత అంతర్యుద్ధం దేశమే వదిలించింది. పారిస్, ఆక్స్‌ఫర్డ్, చివరికి బ్యూనస్ ఎయిరెస్. అక్కడే 1945లో కన్నుమూశాడు. అస్థికలు స్వదేశం చేరింది 1986లో. నోబెల్ రాలేదు. ఆ లోటు ఆయనది కాదని నా నమ్మకం.

పసిపాదం చెప్పే సంగతి

నెలల పాప అరికాలి మీద మడమ నుంచి వేళ్ల వైపు గోరుతో మెల్లగా గీయండి. బొటనవేలు పైకి లేస్తుంది. పెద్దవాళ్లకైతే కిందికి ముడుచుకుంటుంది. మెదడు నుంచి కాళ్లకు దిగే దారిలో పాపకు ఇంకా మైలిన్ పూర్తిగా చుట్టుకోలేదు, అందుకే ఆ తేడా. నడక వచ్చి రెండేళ్లు నిండేసరికి ఇది మామూలుగా పోతుంది. పెద్దవాళ్లలో బొటనవేలు పైకి లేస్తే ఆ దారిలో ఎక్కడో దెబ్బ తగిలిందని డాక్టరుకు అర్థమవుతుంది. తాళంచెవి మొనతో అరికాలు గీసి చూసేది అందుకే. 1896లో ఫ్రెంచి వైద్యుడు బాబిన్‌స్కీ చెప్పిన పరీక్ష ఇది, స్కానింగులొచ్చాక కూడా మానలేదు.

ఎండకు మసకబారే చూపు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే మైలిన్ మీద పడతాయి. తొడుగు పోయిన పోగు కబురును అతికష్టం మీద మోస్తుంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, అది ఆగిపోవచ్చు. శ్రమపడితే చూపు మసకబారే రోగులను జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హోఫ్ 1890లో గమనించాడు. ఒకప్పుడు జబ్బు నిర్ధారణకు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చూసేవారు. ఒళ్లు చల్లబడితే చూపు తిరిగొస్తుంది. మన రోహిణి కార్తె ఎండల్లో ఈ జబ్బున్న మనిషి కూలర్ ముందు నుంచి లేవడం లేదంటే దాన్ని బద్ధకం అనకండి, సుకుమారం అంతకన్నా అనకండి.

ఇదే జబ్బుకు సంబంధించి 2022లో పెద్ద కబురొకటి వచ్చింది. కోటిమందికి పైగా అమెరికా సైనికుల మీద హార్వర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ముప్పు 32 రెట్లు పెరిగిందని తేలింది. ఆ వైరస్ దాదాపు అందరి ఒంట్లోనూ ఉంటుంది, జబ్బు వచ్చేది కొద్దిమందికే.

భీమవరం బిడ్డ, ఓ విటమిన్

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తం పడిపోయిన రోగులు దాంతో తేరుకున్నారు. అయితే బీ12 లోపం వల్ల రక్తం తగ్గినవారిలో ఒక చిక్కు బయటపడింది. రక్తం పెరిగేది, అరికాళ్ల తిమ్మిర్లు మాత్రం ఆగేవి కావు, వెన్నుపాములో మైలిన్ పాడవుతూనే ఉండేది. మైలిన్ నిలవడానికి బీ12 కావాలి, దాని పని ఫోలిక్ ఆమ్లం చేయలేదు. బీ12ను విడదీసింది 1948లో. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడాదే.

కూరగాయల్లో, పప్పుల్లో బీ12 ఉండదు. మాంసం, గుడ్డు ముట్టనివారికి పాలూ పెరుగే దిక్కు. ఇంట్లో పెద్దావిడ 'కాళ్లు మొద్దుబారుతున్నాయే, దూది మీద నడుస్తున్నట్టుందే' అంటే వయసు మీద నెట్టేయకుండా ఒక రక్తపరీక్ష చేయించండి. లోపం తొందరగా పట్టుకుంటే నరం చాలావరకు కోలుకుంటుంది.

పిల్లులు మళ్లీ నడిచాయి

ఒకసారి పోయిన మైలిన్ మళ్లీ వస్తుందా? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పశువైద్య నాడీనిపుణుడు ఇయాన్ డంకన్ బృందం 2009లో ఒక వింత ఉదంతాన్ని ప్రచురించింది. రేడియేషన్‌తో శుద్ధి చేసిన మేత పెట్టిన చూడి పిల్లుల్లో కొన్నిటికి నడక తడబడింది, కొన్నిటికి కాళ్లు చచ్చుబడ్డాయి, చూపు తగ్గింది. పరీక్షిస్తే వెన్నుపాములో మైలిన్ విపరీతంగా ఊడిపోయి ఉంది, పోగులు మాత్రం చెక్కుచెదరలేదు. మేత మార్చి మామూలు తిండి పెట్టారు. నెలల తరబడి, మెల్లగా, అవి కోలుకున్నాయి. తర్వాత సూక్ష్మదర్శిని కింద చూస్తే పోగుల చుట్టూ కొత్త మైలిన్ కనిపించింది, పాతదానికన్నా పల్చగా. ఆ పల్చటి తొడుగుతోనే అవి మళ్లీ లేచి తిరిగాయి.