దిల్‌సుఖ్‌నగర్–ఎల్.బి. నగర్ ప్రాంతంలో సతతహరిత పొదలకు శీతాకాల నష్టం: కారణాలు, రక్షణ

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి. నగర్ కాలనీలలో డిసెంబరు, జనవరి మాసాల్లో నూరువరహాలు, మందార, క్రోటన్, అకాలిఫా, డురంటా వంటి సతతహరిత పొదల ఆకుల అంచులు మాడడం, లేత ఆకులు పసుపు బారడం, మొగ్గలు రాలడం సాధారణంగా కనిపిస్తుంది. దీనిని మంచు దెబ్బగా భావించి కొందరు మొక్కలపై పాలిథీన్ కప్పుతారు. చలిలో నీరు హాని చేస్తుందని మరికొందరు తడులు ఆపివేస్తారు. మొదటి పని వల్ల ఒరిగేది స్వల్పం. రెండవది నష్టాన్ని పెంచుతుంది.

నగరంలో జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణంగా 14–16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, చలిగాలులు వీచే కొన్ని రాత్రుల్లో 10 డిగ్రీల దరికి దిగుతుంది. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది 1946 జనవరి 8వ తేదీ నాటిది. అంటే ఆకు కణాలలో నీరు గడ్డకట్టే పరిస్థితి ఇక్కడ లేదు. అయితే శీతల దేశాలలో సైతం రోడోడెండ్రాన్, బాక్స్‌వుడ్ వంటి పొదలకు కలిగే శీతాకాల నష్టంలో అధిక భాగం గడ్డకట్టడం వల్ల గాక, ఎండిపోవడం వల్లనే సంభవిస్తుంది. నేల గడ్డకట్టి వేళ్లకు నీరు అందని సమయంలో ఎండ, గాలి ఆకులోని తేమను లాగివేస్తాయి. అందుకే అక్కడి తోటమాలులు నేల గడ్డకట్టక ముందే లోతుగా నీరు పెట్టి, గాలివాటున గోనెపట్టా తెరలు కడతారు. హైదరాబాదులో జరిగేది ఇదే ప్రక్రియకు స్వల్ప రూపం.

నైరుతి రుతుపవనాలు వెనుదిరిగిన తరువాత ఇక్కడ వర్షం దాదాపు ఉండదు. గాలిలో తేమ క్షీణిస్తుంది. పగటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 35 శాతం ఉన్నప్పుడు బాష్పపీడన లోటు సుమారు 2.5 కిలోపాస్కళ్లు, అదే ఉష్ణోగ్రత వద్ద ఆర్ద్రత 70 శాతం ఉంటే ఆ లోటు 1.1 మాత్రమే. కనుక చల్లని జనవరి మధ్యాహ్నం ఆకుపై గాలి పెట్టే ఒత్తిడి వర్షాకాలపు రోజుకంటే రెట్టింపు కావచ్చు. మరోవైపు చల్లబడిన నేలలో వేళ్ల శోషణ మందగిస్తుంది. 10 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత 30 డిగ్రీల వద్ద కంటే 1.6 రెట్లు ఎక్కువ. వేరు కణత్వచాల పారగమ్యత కూడా తగ్గుతుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన ఈ స్థితిలో తడులు ఆపితే ఆకు అంచు మాడక తప్పదు.

దీనికి తోడు ఉష్ణమండల జాతులకు నిజమైన చలి దెబ్బ కూడా కొంత ఉంటుంది. ఉష్ణోగ్రత 12 డిగ్రీల కంటే తగ్గినప్పుడు క్రోటన్ వంటి సున్నిత జాతుల కణత్వచాలలోని కొవ్వు పదార్థాలు బిగుసుకుంటాయి. అటువంటి రాత్రి తరువాత మేఘాలు లేని ఉదయపు ఎండ నేరుగా తగిలితే కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం దెబ్బతింటుంది. అందువల్ల తూర్పు ముఖంగా ఉన్న బాల్కనీలలోని క్రోటన్ కుండీలను ఈ రెండు నెలలు కొంత లోపలికి జరపడం మంచిది. గన్నేరుకు ఈ బెడద లేదు. బోగన్‌విల్లియా కొన్ని ఆకులు రాల్చడం దాని స్వభావమే; నష్టంగా లెక్కించరాదు.

ఈ ప్రాంతపు ప్రత్యేకత మెట్రో వంతెన. అమీర్‌పేట–ఎల్.బి. నగర్ మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. వంతెన రాత్రివేళ నేలనుండి ఆకాశానికి పోయే వేడిని కొంత అడ్డుకుంటుంది గనుక దాని కింది విభాజకంలోని మొక్కలకు చలి తక్కువ. కానీ వర్షం కూడా తక్కువే. చుట్టుపక్కల నేల తడిసిన అక్టోబరులోనే అక్కడి మట్టి పొడిగా ఉండవచ్చు. పైగా శీతాకాలపు ఉదయాలలో ఉష్ణ విలోమం వల్ల వాహనాల పొగ, ధూళి నేలకు దగ్గరగా నిలిచి ఆకులపై పేరుకుంటాయి. అది వెలుతురును అడ్డుకొని పత్రరంధ్రాలను మూసివేస్తుంది. పది, పదిహేను రోజులకొకసారి ఆకులను నీటితో కడగడం ఏ మందుకంటెనైనా మేలు.

నేలలో ఉన్న పొదలకు ఈ ప్రాంతపు తేలికపాటి ఎర్రనేలల్లో నాలుగైదు రోజులకొకసారి, తేమ 20–30 సెంటీమీటర్ల లోతుకు దిగేలా తడి ఇవ్వాలి. రోజూ పైపైన చిలకరించడం వల్ల వేళ్లు పైపొరలోనే ఉండిపోతాయి. చలి ఎక్కువగా తగిలేది ఆ పొరకే. కుండీల విషయంలో పై రెండు అంగుళాల మట్టి ఆరిన తరువాతే పోయాలి. వేళ ఉదయం తొమ్మిది దాటాక అనుకూలం. మిద్దెపై ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీటికంటే అప్పుడే మోటారు వేసి తోడిన బోరునీరు వెచ్చగా ఉంటుంది. భూగర్భజలపు ఉష్ణోగ్రత నగర వార్షిక సగటుకు దగ్గరగా నిలకడగా ఉండడమే కారణం. మొదలు చుట్టూ ఎండుటాకులు లేక కొబ్బరి పీచును 5–7 సెంటీమీటర్ల మందాన, కాండానికి తగలకుండా పరవాలి.

బోరునీటికి ఒక లోపముంది. బైకార్బొనేట్లు అధికంగా ఉన్న నీరు నేల ఉదజని సూచికను పెంచి ఇనుమును అందకుండా చేస్తుంది. చల్లని నేలలో ఆ లోపం మరింత తీవ్రమవుతుంది. లేత ఆకులు పసుపు బారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది చలి దెబ్బ కాదు, ఇనుప ధాతు లోపం. నూరువరహాలలో ఇది తరచుగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. ముదురు ఆకుల అంచులు గోధుమ రంగులో ఎండితే నీటి కొరతను గాని, లవణాల చేరికను గాని అనుమానించాలి. విస్తరణ సిబ్బంది మందు సూచించే ముందు ఈ తేడాను, ఆకు అడుగున పిండినల్లి ఉన్నదీ లేనిదీ పరిశీలించడం అవసరం.

అక్టోబరు తరువాత యూరియా వేయరాదు. చలిలో పుట్టిన లేత చిగురే మొదట దెబ్బతింటుంది. కత్తిరింపు విషయంలోనూ ఇదే సూత్రం. కంచె పొదలను నెల తప్పకుండా సమంగా కత్తిరించే అలవాటు డిసెంబరులోనూ కొనసాగడం వల్ల నీడలో పెరిగిన లోపలి ఆకులు ఒక్కసారిగా ఎండకు, గాలికి గురవుతాయి. మాడిన కొమ్మలు చూపుకు బాగుండకపోయినా రథసప్తమి దాటే వరకు ఉంచి, కొత్త చిగురు ఎక్కడినుండి వస్తున్నదో చూచి దానికి పైన కత్తిరించాలి. ఎండిందనుకున్న కొమ్మ బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మను కదపనక్కరలేదు.