మత క్షీణతకు కొలబద్ద ఏది?

ఆధునికత పెరిగేకొద్దీ మతం క్షీణిస్తుందన్న మాట సామాజిక శాస్త్రంలో చాలాకాలం సూత్రంగా చలామణి అయింది. లోకం నుంచి మాంత్రికత తొలగిపోతోందని మాక్స్ వెబర్ 1917లో మ్యూనిక్ విద్యార్థులకు చెప్పాడు. 1967లో ఆ వాదానికి గట్టి రూపమిచ్చిన పీటర్ బెర్గర్, 1999 నాటికి తానే దాన్ని వదులుకున్నాడు. ఈ చర్చ చాలావరకు యూరప్ చర్చిల హాజరు లెక్కల చుట్టూ తిరిగింది. మా కోహెడ వంటి ఊళ్లలో పోచమ్మకు హాజరుపట్టీ ఎవరు రాస్తారు?

ఇక్కడ మతం విశ్వాసం కన్నా ముందు పనుల పంపకం. బోనాలకు కుండ కుమ్మరిది, డప్పు మాదిగది, ఎల్లమ్మ కథ బైండ్లవారిది. నమ్మినా నమ్మకపోయినా ఆ పని పుట్టుకతోనే మెడకు చుట్టుకుంటుంది. డప్పు కొట్టనని ఒక మాదిగ యువకుడు అన్నప్పుడు అతడు దేవతను ధిక్కరించకపోవచ్చు, వెట్టిని ధిక్కరిస్తున్నాడు. పల్లెలో లౌకికీకరణ అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. 1994లో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తుకుంది. భక్తి తగ్గిందా పెరిగిందా అన్న ప్రశ్నతో ఈ మార్పు అర్థం కాదు.

అదే 1994లో హోసే కసనోవా ఒక ఉపయోగకరమైన విభజన చేశాడు: విశ్వాసం తగ్గడం, మతం వ్యక్తిగతం కావడం, రాజ్యం తదితర రంగాలు మతం నుంచి విడివడడం వేర్వేరు విషయాలు, ఒకటి జరిగితే మిగతావి జరగాలని లేదు. నేను నాలుగోది చేర్చమంటాను: పుట్టుక నుంచి మతవిధులు విడివడడం.

ఈ కొలబద్దతో పైమెట్టును కూడా కొలవాలి. పురోహిత వృత్తి వంశపారంపర్యం కారాదని, ప్రభుత్వ పరీక్ష నెగ్గినవారికే అది దక్కాలని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో ప్రతిపాదించారు. ఆయన అడిగింది మతం అంతరించాలని కాదు. మన 1987 దేవాదాయ చట్టం అర్చకత్వ వారసత్వాన్ని రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చివరకు 2007లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభే సవరణ తెచ్చి అర్చక కుటుంబాల వారసత్వానికి మళ్లీ చోటిచ్చింది. డప్పు వారసత్వాన్ని మాదిగలు తమంతట తాము, ఊరి కోపాన్ని ఎదుర్కొని వదిలించుకోవలసి వచ్చింది. గర్భగుడి వారసత్వానికి మాత్రం చట్టసభ కాపలా దొరికింది.