ఆగమన కాలంలో నిరీక్షణ



మళ్ళీ ఆగమన కాలం వచ్చింది. నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య వచ్చే ఆదివారంతో మొదలై క్రిస్మస్ ముందు రోజు వరకు ఉండే ఈ రోజులనే అడ్వెంట్ అంటాము. చాలా సంఘాలలో బల్లమీద ఊదారంగు గుడ్డ పరచి, పచ్చని ఆకుల చక్రంలో నాలుగు కొవ్వొత్తులు నిలిపి, వారానికొకటి వెలిగిస్తారు. ఈ అలవాటు 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలైంది. విఖెర్న్ అనే దైవసేవకుడు బీద పిల్లలకు ఆశ్రమం నడిపేవారు. పిల్లలు క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడుగుతుంటే, ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించారట. ఎన్ని రోజులు ఆగాలో పిల్లలు లెక్కపెట్టుకునేవారు.

మనమైతే డిసెంబరు రాగానే సెమీ క్రిస్మస్ కేకులతో పండుగ ముందే ముగించేస్తున్నాము. (షుగరు ఉన్నవారు ఆ కేకుల సంగతి కాస్త చూసుకోవాలి. జనవరిలో ఓపీ నిండిపోయేది అందుకే!)

మొదటి కొవ్వొత్తిని నిరీక్షణ కొవ్వొత్తి అంటారు. మన తెలుగు బైబిలులో 'ఆశ' అని చాలాచోట్ల రాయకుండా 'నిరీక్షణ' అని రాశారు. ఆ మాటలో కనిపెట్టుకొని ఉండడం కూడా ఉంది. నైట్ డ్యూటీ చేసిన ఏ సిస్టరునైనా అడగండి. తెల్లవారుతుందని ఆమెకు సందేహం ఉండదు. అలాగని కుర్చీలో కూర్చుని నిద్రపోదు. సెలైన్ చూస్తుంది, జ్వరం చూస్తుంది, చార్టు రాస్తుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి టి.బి.తో మా వార్డుకు వచ్చింది. అంతకుముందే వేరేచోట మందులు మొదలుపెట్టి, రెండు నెలలకు దగ్గు తగ్గి, ఒళ్ళు చేసి, మానేసింది. "ప్రార్థనలో బాగైంది కదమ్మా, ఇంకా మాత్రలు మింగితే దేవుణ్ణి నమ్మనట్టు కాదా?" అని అడిగింది. నేను కోప్పడలేదు. ఆమె విశ్వాసం నిజమైనదే. అయితే దగ్గు తగ్గినంత మాత్రాన క్రిములన్నీ చచ్చిపోవు. మామూలు టి.బి.కి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు వేసుకోవాలి. మధ్యలో మానితే మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి, ఆ మందులకు లొంగకుండా మొండికేయవచ్చు కూడా. అప్పుడు వైద్యం కష్టమవుతుంది, ఇంట్లోవారికీ ప్రమాదం.

ఆమెకు హిజ్కియా రాజు సంగతి చెప్పాను. దేవుడు ఆయనకు ఇంకా 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. అడ్వెంట్‌లో మనం చదువుకునే యెషయాయే! దేవుడు మాట ఇచ్చిన తరువాత కూడా కట్టు కట్టారు. లూకా గారు సైతం వైద్యుడే కదా.

కళ్ళె మళ్ళీ పరీక్ష చేయిస్తే, దేవుని దయవల్ల క్రిములు మందుకు లొంగేవే. నవంబరు మధ్యలో కోర్సు మొదటినుంచీ మొదలుపెట్టాము. వార్డులో కొవ్వొత్తి వెలిగించిన ప్రతి ఆదివారం ఆమె, "ఇంకెన్నాళ్ళు సిస్టరమ్మా?" అనేది. క్రిస్మస్ వచ్చి వెళ్ళాక కూడా నాలుగు నెలలకు పైనే మిగిలింది. క్యాలెండరులో రోజుకో సిలువ గుర్తు పెట్టుకుంటూ మేలో ముగించింది.

అందరి కథా ఇలా ముగియదు. ఈ వార్డులలో ముప్పై ఏళ్ళు తిరిగినదాన్ని, ఆ మాట దాచను. క్యాన్సర్ ముదిరినవారికి, కిడ్నీలు పాడై వారం వారం డయాలసిస్‌కు వచ్చేవారికి 'తప్పక బాగవుతుంది' అని నేను మాట ఇవ్వను. క్రైస్తవ నిరీక్షణ రిపోర్టు మీద ఆనుకొన్నది కాదు, పశువుల తొట్టిలో పండుకొన్న ప్రభువు మళ్ళీ వస్తాడన్న దానిమీద ఆనుకొన్నది. నొప్పి తగ్గించే మందు అడగడం అవిశ్వాసం కాదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేక, బ్రతుకు మీద విసుగు పుడితే అది భక్తి తక్కువై వచ్చిందనుకోకండి, డాక్టరుగారికి చెప్పండి.

గుంటూరుకు అన్నా కుగ్లర్ దొరసాని గారు 1883లో వచ్చారు. ఆమె కనిపెట్టిన ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. ఆ పదిహేనేళ్ళూ ఆమె రోగులను చూస్తూనే ఉన్నారు.

ఈ నాలుగు ఆదివారాలు సాయంత్రం ఓపీ హాలులో కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేస్తాము. మంచం దిగలేనివారు డ్యూటీ సిస్టరుకు చెబితే మేమే మీ దగ్గరకు వస్తాము. ఆక్సిజన్ పెట్టినచోట మాత్రం వెలిగించము, బ్యాటరీ దీపం తెస్తాము.