పిల్లల చేతిలో స్మార్ట్‌ఫోను

బొంగరమును చూచుటకై ఎవరును కొనరు. దానికి తాడు చుట్టవలెను, విసరవలెను, తిరుగుచుండగా అరచేతి కెత్తుకొనవలెను. మంచి ఆటవస్తువు కన్నును, చేతిని, కాలిని ఒక్కమారుగా పనిలో పెట్టును. స్మార్ట్‌ఫోను చేతికి వచ్చిన పిల్లవాడు మాత్రము కూర్చున్నచోట కదలడు. ఒక్క వ్రేలు కదలును. ఈ దోషము వస్తువుదా, మన వాడుకదా అని ఈ ప్రసంగమున విచారింతము.

ఫోననగా తెర మాత్రమే కాదు. కదలికను కొలుచు సూక్ష్మ పరికరమొకటి దానిలో కలదు. అతి చిన్న సిలికాను ముద్ద సన్నని స్ప్రింగులపై నిలిచియుండును. ఫోను ఒరిగినచో ఆ ముద్ద రవంత జరుగును. దాని రేకులకును ఎదుటి రేకులకును నడుమ ఎడము మారును. ఆ మార్పును విద్యుత్తు రూపమున గ్రహించి ఫోను తన వాలును తెలిసికొనును. 2007లో వెలువడిన ఐఫోనును అడ్డముగా త్రిప్పినంతనే తెరపై బొమ్మయు తిరుగుటకు కారణమిదియే. ఇదిగాక వినుటకు మైక్రోఫోనును, అదరుటకు చిన్న మోటారును ఉండును.

కంప్యూటరు విద్యను తెరకే పరిమితము చేయక, చేతితో తాకి కదల్పదగు వస్తువులలోనికి తేవలెనని 1997లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన హిరోషి ఇషీ, బ్రిగ్ ఉల్మర్ ఒక వ్యాసమున ప్రతిపాదించిరి. అందుకు తగిన సాధనము నేడు మన యింటనే ఉన్నది.

ఒక ఆట చెప్పెదము. తాపీమేస్త్రి రసమట్టము వలె పనిచేయు యాప్‌ను తెరచి, ఫోనును అరచేతిపై పరుండబెట్టి, బుడగ నడుమనుండి చెదరకుండ వసారా ఈ కొననుండి ఆ కొనకు నడువుమనుడు. నిండు చెంబు మోయు నేర్పు అలవడును. మరియొక ఆట: ఫోనులో సన్నగా పాట పెట్టి దిండు వెనుక దాచుడు, పిల్లలు చెవియొగ్గి వెదకుదురు. తెరను చూచు పనియే లేదు. రేడియోవారము గనుక ఈ రెండవ ఆట మాకు మరింత ప్రియము. ఫోనుకు గట్టి తొడుగు వేయుట మరువకుడు.

రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలు కూర్చుండి తెర చూచు కాలము దినమునకు గంట మించరాదనియు, ఏడాది పిల్లలకు అది అసలే వలదనియు 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. మేము చెప్పిన ఆటలు ఆ గంటను పెంచుటకు కావు, పిల్లలను లేవదీయుటకు. ఆట ముగియగానే ఫోనును పెద్దలు తీసికొనుడు. బొంగరమును వారి కడనే ఉండనిండు.