బండి మీద గూడు: ఇంటి దగ్గరే కట్టుకొనే విధానము

మన తాతల కాలంలో గూడుబండి లేని పల్లె అరుదు. ఎద్దులబండి మీద వెదురు బద్దలు వంచి కట్టి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి దుప్పటి వేస్తే అదే ప్రయాణపు ఇల్లు. నిండు చూలాలిని పుట్టింటికి తీసుకొని పోయినా, ముసలివారిని వైద్యుని దగ్గరకు తీసుకొని పోయినా ఆ గూడే నీడ. చీకటి పడితే చెట్టు క్రింద ఎద్దులను విప్పి, ఆ గూటిలోనే పండుకొనేవారు.

ఎద్దుల స్థానంలో నేడు ఇంజను వచ్చింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో చిన్న ట్రాలీ బండి లేని ఊరు కనబడదు. అయితే గూడు మాత్రం పోయింది. వానాకాలం పంట కోసిన తరువాత, మరల యాసంగి తరువాత, కొనుగోలు కేంద్రాలలో వడ్ల కుప్పల ప్రక్కన రైతులు ఎన్ని రాత్రులు ఆరుబయట గడుపుచున్నారో మనకు తెలియనిది కాదు. దోమలు, పురుగూ పుట్రా, అకాల వర్షము, వీటన్నిటి మధ్య ఒక టార్పాలిన్ పట్టాయే ఆధారం. హైదరాబాదు ఆసుపత్రుల బయట ఫుట్‌పాత్ మీద పండుకొనే రోగుల బంధువుల సంగతి కూడా అంతే. కాబట్టి బండి మీద మరల ఒక గూడు కట్టుకొనుట ఎలాగో ఆలోచించుట మంచిది.

ఇతరులు చేసిన పని

ఇది కొత్త సంగతి కాదు. జర్మనీలో వెస్ట్‌ఫాలియా అను సంస్థ 1951లోనే ఫోక్స్‌వాగన్ వ్యానులో పరుపు, అలమర అమర్చి ఇల్లుగా మార్చింది. తరువాత పైకప్పు లేచే బండ్లు కూడ వచ్చాయి. అమెరికాలో చిన్న ట్రక్కు తొట్టిలో దింపి, అక్కరలేనప్పుడు తీసి ప్రక్కన పెట్టుకొనే గూళ్లు చాలా వాడుకలో ఉన్నాయి. మన తెలుగువారికైతే 1982లో నందమూరి తారక రామారావు గారు ప్రచారానికి వాడిన చైతన్య రథం గుర్తుంటుంది. పాత షెవర్లే వ్యానును మార్చి చేయించిన ఆ బండిలోనే ఆయన నిద్ర, విశ్రాంతి. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యే వరకు ఊరూరా ఆ బండి తిరిగింది.

ఇక్కడ ఒక మాట. మన ప్రాంతంలో క్యాంపర్ అంటే రెండు వరుసల సీట్లున్న బొలెరో బండి అనుకుంటారు. నేను చెప్పేది అది కాదు. తొట్టిలో కూర్చుండి, నిలిపినప్పుడు పైకప్పు లేచే గూటిని గురించి చెప్పుచున్నాను.

పైకప్పు ఎందుకు లేవవలెను?

గూడు ఎత్తుగా ఉంటే లోపల నిలబడవచ్చును గాని, రోడ్డు మీద గాలికి ఊగుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద లారీ ప్రక్కనుండి దాటితే ఆ గాలికే చిన్న బండి అదురుతుంది. పల్లె దారిలో చెట్ల కొమ్మలు, వ్రేలాడే కరెంటు తీగలు ఉండనే ఉన్నాయి. గనుక నడిచేటప్పుడు గూడు లోపలి ఎత్తు నాలుగు అడుగులు మించకుండా, ఇంచుమించు క్యాబిన్ ఎత్తులోనే ఉండవలెను. నిలిపిన తరువాత కప్పు రెండు అడుగులు లేస్తే లోపల ఆరు అడుగులు వస్తుంది.

లేపే పద్ధతులలో మన వడ్రంగి, వెల్డింగువారు కలిసి చేయగల తేలికైన పద్ధతి ఇది. ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి అడ్డంగా రెండు పలకల జతలు పెట్టవలెను. ఒక్కొక్క పలక ఒక అడుగు ఎత్తు. జతలోని రెండు పలకలకు మధ్యన బందులు వేయవలెను. క్రింది పలక అంచు గూటికి, పై పలక అంచు కప్పుకు బందులతోనే బిగించవలెను. కప్పు దించినప్పుడు ఇవి మూసిన పుస్తకం వలె లోపలికి మడతపడతాయి. లోపల నిలబడి ముందు జతను, తరువాత వెనుక జతను త్రోస్తే అవి నిటారుగా నిలుస్తాయి. వెంటనే మడత దగ్గర గడియ వేయవలెను. ఇది చాలదు. నాలుగు మూలలా నాలుగు ఊతకర్రల వంటి పైపులు నిలిపి పిన్నులు గ్రుచ్చవలెను. నిద్రపోయేవారి తలల మీద కప్పు ఒక్క గడియ మీద ఆధారపడి ఉండరాదు.

ఈ రెండు అడుగుల ఖాళీ చుట్టూ మందపాటి గుడ్డ కుట్టించవలెను. ఆటో టాపులు, సీటు కవర్లు కుట్టే దుకాణములో ఈ పని చేస్తారు. అపొస్తలుడైన పౌలు చేతిపని కూడ గుడారాలు కుట్టుటయే గదా. తక్కువ పని అని ఎవరూ అనుకోవద్దు. గుడ్డకు ఎదురెదురుగా రెండు కిటికీలు, వాటికి దోమతెర తప్పక ఉండవలెను. ఒక్క కిటికీ ఉంటే గాలి ఆడదు. ఊపిరిలోని తేమ తెల్లవారేసరికి కప్పు నుండి చుక్కలుగా పడుతుంది.

బరువు లెక్క

ముందుగా బండి ఎంత మోయగలదో ఆర్.సి. పుస్తకంలో చూడవలెను. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ మోయగలిగినది 750 కిలోలు. తొట్టి సుమారు ఏడు అడుగుల పొడవు, అయిదు అడుగుల లోపు వెడల్పు. దీనికి లెక్క వేద్దాము.

ఒక అంగుళం చదరపు జీఐ పైపు, 1.6 మిల్లీమీటర్ల మందం గలది, మీటరుకు ఇంచుమించు 1.2 కిలోలు. 60 మీటర్లు పడితే 70 కిలోలు దాటుతుంది. గోడలకు, కప్పుకు అల్యూమినియం షీట్లు ఒక 100 కిలోలు. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒక్కటి సుమారు 16 కిలోలు. మూడు షీట్లకు 48. గుడ్డ, పరుపు 30. బ్యాటరీ, వైర్లు 20. నీళ్లు 40 లీటర్లు అంటే 40 కిలోలు. పొయ్యి, గిన్నెలు 30. మూటాముల్లె 50. అంతా కలిపితే 390 కిలోలు. బండి శక్తిలో సగం పైచిలుకు ఇక్కడే పోయింది. బరువైనవన్నీ క్రిందనే, ఇరుసుల మధ్యనే పెట్టవలెను. కప్పు ఎంత తేలికైతే మలుపులలో బండి అంత నిలకడగా ఉంటుంది.

మన ఎండలకు కప్పు పైన తెల్లరంగు, లోపల థర్మోకోల్ పలక, దానిని పూర్తిగా మూసే ప్లైవుడ్ అవసరం. థర్మోకోల్ త్వరగా అంటుకొనేది గనుక దానిని తెరచి ఉంచరాదు.

దీపాలకు, చిన్న ఫ్యానుకు వేరే బ్యాటరీ పెట్టుకొనుట మేలు. 15 వాట్ల దీపాలు నాలుగు గంటలు, 20 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు వాడితే 220 వాట్-గంటలు. 12 వోల్టుల 50 ఆంపియర్-గంటల బ్యాటరీ సగం వాడితే ఇది సరిపోతుంది. బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు వేయుట మరువరాదు.

తీసి పెట్టేలా ఎందుకు?

చాలా కుటుంబాలకు ట్రాలీయే బ్రదుకుదెరువు. నెలలో ఇరవై దినాలు అది కూరగాయలో, ఎరువుల బస్తాలో మోయవలెను. గూడును శాశ్వతంగా బిగిస్తే కూడు పోతుంది. అందుచేత నాలుగు మూలలా గొట్టాలు వెల్డింగు చేసి, వాటిలో కాళ్లు దించి, జాకీలతో గూటిని లేపి, క్రిందనుండి బండిని ముందుకు తీసుకొనేలా కట్టవలెను. ఎక్కించినప్పుడు క్రింద రబ్బరు చాప వేసి, నాలుగు వైపులా టర్న్ బకుల్స్‌తో తొట్టి కొక్కేలకు బిగించవలెను. ఛాసిస్‌కు రంధ్రాలు వేయరాదు, వెల్డింగు పెట్టరాదు, అక్కడే విరుగుతుంది.

చట్టం కూడ ఇదే వైపు చూపుతుంది. మోటారు వాహనాల చట్టము (1988) 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ సంగతి స్పష్టం చేసింది. గనుక పైపులు కొనకముందే రవాణా కార్యాలయంలోను, ఇన్సూరెన్సు వారి దగ్గరను అడిగి, వ్రాతపూర్వకంగా జవాబు తీసుకొనవలెను. నంబరు ప్లేటు, వెనుక దీపాలు కనబడకుండ గూడు కప్పరాదు.

ప్రాణముల సంగతి

తల్లిదండ్రులారా, ఇది శ్రద్ధగా చదవండి. బండి నడుస్తున్నప్పుడు గూటిలో ఒక్కరు కూడ ఉండరాదు. పెళ్లిళ్లకు, సభలకు సరుకు బండ్లలో జనాన్ని నిలబెట్టి తీసుకొని పోవుట మన పల్లెలలో అలవాటైపోయింది. ప్రమాదం జరిగిన తరువాత కుటుంబానికి మిగిలేది కన్నీళ్లే. సరుకు బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వనక్కరలేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు యజమానికి, అతని ప్రతినిధికి మాత్రమే చట్టంలో చోటుంది. గోడలు, కిటికీలు ఉన్నంత మాత్రాన గూడు బస్సు కాదు. తండ్రి బండి తోలుకొని పోవచ్చును. తల్లీ పిల్లలు ఆర్టీసీ బస్సులో వచ్చి అక్కడ కలిసికొనవచ్చును. టిక్కెట్టు డబ్బులకు చూచుకొనే చోటు ఇది కాదు.

రెండవది పొయ్యి. గూటిలో వంట వద్దు. గ్యాసు గాలికంటే బరువైనది, నేల మీదనే పేరుకొంటుంది; అందుకని సిలిండరు ఉన్నచోట అడుగున రంధ్రం ఉండవలెను. బొగ్గుల కుంపటి గాని జెనరేటరు గాని లోపల పెట్టుకొని నిద్రపోతే, వాసన తెలియని విషవాయువు మేల్కొననివ్వదు. మూడవది, కప్పు లేపకముందు తల ఎత్తి కరెంటు తీగలున్నవేమో చూడవలెను.

అప్పు చేసి దీనిని కట్టవలసిన పని లేదు. ఈ వేసవిలో పైపులు, వచ్చే పంటకు షీట్లు అన్నట్లుగా మెల్లగా కట్టుకొనవచ్చును. సంఘములో నలుగురు రైతులు కలిసి ఒక్క గూడు కట్టుకొన్నా, కావలి రాత్రులకు వంతుల వారీగా అందరికీ ఉపయోగపడుతుంది. ఎవరింట రోగి ఉంటే వారికి మొదటి వంతు ఇవ్వండి.