కరెంటు లేకున్నా ఓటు మరవని చిప్పు

2023 నవంబరు 30న తెలంగాణలో చాలాచోట్ల సాయంత్రం 5 గంటల దాకా పోలింగ్ సాగింది. భద్రాచలం, పినపాక, ఇల్లెందు, కొత్తగూడెం, అశ్వారావుపేట వంటి చోట్ల మాత్రం 4 గంటలకే ముగించారు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతం కావడమే కారణం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల మీదుగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా అడవే కదా, చీకటి పడేలోగా సిబ్బంది ఓటింగ్ యంత్రాలతో తిరిగి రావాలి.

ఆ యంత్రానికి కరెంటు లైను అక్కర్లేదు, ఇంటర్నెట్ అసలే లేదు. ఒక బ్యాటరీ, ఒక ప్రాసెసర్, కొంత మెమరీ, అంతే. కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో పిల్లలకు చెప్పాల్సి వస్తే నేను ల్యాప్‌టాప్‌ను కాదు, ఈ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాన్నే (ఈవీఎం) ముందు పెడతాను.

ఇది మన హైదరాబాదులో పుట్టిన యంత్రం. 1977లో ఎన్నికల సంఘం ఈ ఆలోచన చేసి ఇక్కడి ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు పని అప్పగించింది. 1967లో ఏర్పడిన ఆ సంస్థను నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. దేశంలో తొలినాటి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12ను తయారుచేసిందీ ఈ సంస్థే. 1979కి ఈవీఎం నమూనా సిద్ధమైంది. 1982 మే 19న కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. చట్టంలో వీలు లేదని 1984లో సుప్రీంకోర్టు కాదంది. 1988లో చట్టాన్ని సవరించారు. బెంగళూరు సంస్థ బీఈఎల్ కూడా తయారీలో చేరింది. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా ఇవే.

ఇక లోపలి సంగతి. ప్రాసెసర్ లెక్క చేయగలదు, పోల్చగలదు, కానీ దానికి సొంతంగా గుర్తుండేది చాలా తక్కువ. ఏం చేయాలో చెప్పే ఆదేశాలూ, చేసిన పని ఫలితమూ రెండూ మెమరీలోనే ఉండాలి. 1945లో జాన్ వాన్ న్యూమన్ రాసిన నివేదిక నుంచి మామూలు కంప్యూటర్లలో ఆదేశాలూ డేటా ఒకే మెమరీలో ఉంటున్నాయి. అందుకే ఒకే ల్యాప్‌టాప్ మీద ఇవాళ సినిమా చూస్తాం, రేపు బిల్లు కొడతాం. ఓటు యంత్రానికి ఆ వెసులుబాటే ప్రమాదం. అందుకని దాని ప్రోగ్రామును తయారీలోనే చిప్పులోకి ఒక్కసారి ఎక్కిస్తారు. తర్వాత ప్రాసెసర్ దాన్ని చదవగలదే గానీ తిరగరాయలేదు.

ఓట్లు దాచే మెమరీ సంగతి వేరు. కంప్యూటర్లో ర్యామ్ బిట్టును అతి చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా ఉంచుతుంది. అది కారిపోతూ ఉంటుంది, సెకనుకు ఎన్నోసార్లు మళ్లీ నింపాలి, కరెంటు పోతే అంతా పోతుంది. బూత్‌లో అది కుదరదు. ఓట్లను దాచే చిప్పులో ఎలక్ట్రాన్లను చుట్టూ నిరోధకం ఉన్న గదిలోకి బలంగా నెట్టి బంధిస్తారు. తలుపుల్లేని గాదెలో పోసిన వడ్లలా అవి కదలవు. బ్యాటరీ తీసేసినా ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. ఇలా రాయడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ప్రాసెసర్ లెక్కన అది చాలాసేపు. ఓటరు లెక్కన ఏమీ కాదు.

పోలింగ్ అధికారి కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ బటన్ నొక్కాకే ఓటరు ముందున్న యూనిట్ మేల్కొంటుంది. నీలం బటన్ నొక్కగానే ఆ సంకేతం కేబుల్ గుండా వస్తుంది. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ కాగితపు స్లిప్పు 7 సెకన్లు కనబడుతుంది, ఓటు మెమరీలో చేరుతుంది, బీప్ మోగుతుంది. అధికారి మళ్లీ బ్యాలెట్ బటన్ నొక్కేదాకా ఇంకో ఓటు పడదు.

ఈ అమరికలో బలహీనత ఎక్కడుందో 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, ఇద్దరు విదేశీ పరిశోధకులు కలిసి చూపారు. యంత్రం చేతికి చిక్కితే ప్రాసెసర్ జోలికి పోకుండా, ఓట్లున్న మెమరీ చిప్పుకే పరికరం తగిలించి అంకెలు మార్చవచ్చని వాళ్ల వాదన. సీళ్లు, నిఘా ఉండగా అది సాధ్యం కాదని ఎన్నికల సంఘం అంది. ప్రాసెసర్‌తో పనిలేకుండా మెమరీని తాకలేమనే ధీమా మాత్రం అక్కడితో పోయిందని నేననుకుంటాను. తర్వాతి తరం యంత్రాలను ఎవరైనా తెరిస్తే పనిచేయకుండా ఆగిపోయేలా రూపొందించారు, వీవీప్యాట్ కాగితమూ తోడైంది.

పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేసి, ఫలితం చూపి, క్లియర్ నొక్కి మెమరీని సున్నా చేస్తారు. చిప్పు లోపలి స్థితిని మామూలు మనిషి కళ్లారా చూసే అవకాశం అది. చర్ల, దుమ్ముగూడెం కుర్రాళ్లూ, ఈసారి ఏ పార్టీ తరఫునైనా ఏజెంటుగా కూర్చుంటే తెల్లవారుజామునే బూత్‌కు చేరండి. ఆ సున్నాను మీ కళ్లతో చూశాకే మాక్ పోల్ ధ్రువపత్రం మీద సంతకం పెట్టండి.